కళ్ళు చూపించుకోవడానికి...

గతవారం నేనొక అబద్ధమాడాను. ముప్ఫై మూడేళ్ళపాటు పిల్లలకు తెలుగు వాచకంతో పాటు సత్యవాక్య మహిమను కూడా బోధించి పదవీ విరమణ చేసిన మనిషిని. ఇప్పుడీ వయసులో, అదీ ఎదురింటి అమ్మాయితో, తడుముకోకుండా అబద్ధమాడాను. ఎందుకాడవలసి వచ్చిందా అని నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆలోచించిన కొద్దీ అది నా ఒక్కదాని బలహీనత కాదేమో, మనందరికీ ఉన్న ఒక అలవాటు నా నోట పలికిందేమో అనిపిస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

జరిగినదిది. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళి, ఒక రాత్రి అక్కడే బస చేసి, రెండు రోజులు తీరిగ్గా చూసి రావాలని నేను నిర్ణయించుకున్నాను. ఒక్కదాన్నే. బట్టలు సర్దే సంచీ ఎండకు వేసి దులుపుతుంటే ఎదురింటి అమ్మాయి చూసింది.

"ఏం టీచరుగారూ, ఊరెళ్తన్నారా?"

"అవునమ్మా, హైదరాబాదు."

"అయ్యో, ఏవైంది?"

చూశారా! మా అంగలకుదురులో ఒక పెద్దావిడ ఒంటరిగా హైదరాబాదు బయలుదేరిందంటే తక్షణం రావలసిన ప్రశ్న అదే. ఏదో అయి ఉండాలి. ఏమీ కాకుండా మనిషి కదలదు. ఆ ప్రశ్నలోని ఆదుర్దాకు తగిన జవాబు వెతుక్కుంటూ నా నాలుక అనేసింది: "కళ్ళు చూపించుకోవాలమ్మా."

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల గిన్నెడు పొన్నగంటి కూర పప్పు తెచ్చి ఇచ్చింది. కళ్ళకు మంచిదట. సాయంత్రం పక్కవీధి పిన్నిగారు వచ్చి, శుక్లాలకు ఆపరేషను చేయించుకున్న వాళ్ళ మరిది కథ సాంతం చెప్పి, తోడుగా వాళ్ళబ్బాయిని పంపుతానన్నారు. పప్పు చాలా బాగుంది. గొంతు దిగడమే కష్టమయింది.

అసలీ కోరిక ఎక్కడ పుట్టిందో చెబుతాను. 2003లో మా బడి పిల్లలను విహారయాత్రకు అదే ఫిల్మ్ సిటీకి తీసుకువెళ్ళాం. అరవై రెండు మంది పిల్లలు, నలుగురు ఉపాధ్యాయులం. ఆ రోజున నేను చూసినవి అరవై రెండు తలలు మాత్రమే. ఎర్రబస్సు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, మధ్యలో మనసాగక మరొకసారి లెక్కపెట్టాను. పిల్లలు ఆటలకు పరుగెత్తితే వాళ్ళ సంచులు, నీళ్ళ సీసాలు, ఒక జత తెగిన చెప్పులు ముందేసుకుని ఒక బల్లమీద కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో పిల్లలు "అది చూశారా టీచర్, ఇది చూశారా టీచర్" అని అడుగుతుంటే చూశానన్నాను. (అంటే నా అబద్ధాల చరిత్ర గతవారంతో మొదలవలేదన్నమాట!)

రెండోసారి 2016లో. అమెరికాలో ఉన్న మా అబ్బాయి నన్నూ మావారినీ ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డుకు తీసుకువెళ్ళాడు. అక్కడా నాకొక బల్ల దొరికింది. ఈసారి సంచులతో పాటు మనవడి తోపుడు బండి కూడా. అమెరికా వెళ్ళి వచ్చిన తల్లిదండ్రులు చాలామందికి ఈ బల్ల పరిచయమే అయి ఉంటుంది. పిల్లలు ప్రేమతోనే తీసుకువెళతారు, ప్రేమతోనే "నువ్వు భయపడతావులే అమ్మా, ఇక్కడ కూర్చో" అంటారు, మనమూ ప్రేమతోనే కూర్చుంటాం. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ వరసగా అన్ని ప్రేమలూ కలిసి మనిషిని బల్లమీద కూర్చోబెడతాయి.

నేను కూర్చున్నది ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే ఆటకు ఎదురుగా. రెండు వందల అడుగుల ఎత్తున ఒక కృత్రిమ పర్వతం, దాని మీదుగా కేకలు పెట్టే మనుషులతో ఒక రైలు. ఎక్కడానికి చాంతాడంత వరుస ఉంది. పక్కనే మరొక చిన్న వరుస. దాని పైన ఒంటరి ప్రయాణికులకని బోర్డు. సింగిల్ రైడర్ అంటారట. కుటుంబాలు జట్లుజట్లుగా కూర్చోగా అక్కడక్కడా ఒక్కో సీటు ఖాళీ మిగులుతుంది కదా, ఆ ఖాళీలలో వీళ్ళను కూర్చోబెడతారు. అందుచేత ఆ వరుస చకచకా కదులుతుంది. ఆ వరుసలో నెరిసిన జుట్టుతో, నాకన్నా పెద్దదే అయి ఉండవచ్చు, ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో ఏమీ లేదు. ఎవరి కోసమూ వెనక్కి చూడలేదు. కాసేపటికి ఎక్కింది, దిగింది, చెదిరిన జుట్టు సవరించుకుని మళ్ళీ వెళ్ళి అదే వరుసలో నిలబడింది. అంతే నేను చూసినది. తొమ్మిదేళ్ళు దాటినా ఆవిడ నడక నాకింకా గుర్తే.

ఇక్కడొక చిత్రమైన సంగతి చెప్పాలి. 1955లో డిస్నీల్యాండును ప్రారంభించిన వాల్ట్ డిస్నీకి ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఆయనే చెప్పుకున్నాడు. లాస్ ఏంజెలస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన కూతుళ్ళు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన ఒక బల్లమీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ ఉండేవాడట. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉంటే బాగుంటుంది కదా అనుకున్నాడట. అంటే ప్రపంచంలోని ఈ వినోదోద్యానాలకు మూలపురుషుడు మరెవరో కాదు, సంచులు కాస్తూ బల్లమీద మిగిలిపోయిన మనిషే! ఆయన బల్ల లేని లోకాన్ని కట్టాలనుకున్నాడు. లోకం కట్టాడు కానీ బల్ల మాత్రం మిగిలింది, అందులో మనం కూర్చున్నాం.

మనకు ఇటువంటి లోకాలు కొత్తవనుకోకండి. డిస్నీల్యాండు వచ్చిన రెండేళ్ళకే, 1957లో, మనవాళ్ళు 'మాయాబజార్' తీశారు. తీసిన విజయా వారిలో ఒకరైన చక్రపాణిగారిది మా తెనాలి ఐతానగరమే. ఘటోత్కచుడు తన శిష్యుల చేత పెళ్ళివారికి కట్టించిన విడిది ఏమిటి మరి? అడుగు పెడితే జరిగే తివాచీ, కూర్చుంటే ఊరుకోని తల్పం.. అచ్చమైన వినోదోద్యానం! రిసార్టు అనే మాటకు తెలుగేమిటని తలలు పట్టుకుంటాం కానీ, విడిది అనే మాట ఉండనే ఉంది. అయితే ఆ మాటలోనే మన చిక్కు కూడా ఉంది. విడిదికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. అది పెళ్ళివారికి, అంటే పదిమందికి. ఒక్క మనిషి విడిదిలో దిగితే వంటవాడు సైతం "తక్కినవారేరీ?" అని అడుగుతాడు.

అసలు ఒంటరి ప్రయాణమంటే మనకు అభ్యంతరమా? కాదు. ఆస్పత్రికి ఒక్కరే వెళితే "ధైర్యవంతురాలు" అంటారు. ఉద్యోగానికి వెళితే "కష్టజీవి". కాశీకి వెళితే "పుణ్యాత్మురాలు". ఆదినారాయణగారు ఏళ్ళ తరబడి నడిచి 'భ్రమణకాంక్ష' రాస్తే చేతులెత్తి మొక్కాం, మొక్కవలసినదే. ఈ తరం ఆడపిల్లలు వీపున సంచీ తగిలించుకుని మంచుకొండలకు వెళితే ముందు గొణిగి, తరువాత మెచ్చుకోవడం నేర్చుకున్నాం. మన అభ్యంతరం ఒంటరితనానికి కాదు, సరదాకు. ఒంటరిగా హిమాలయాలకు వెళితే వేదాంతం, ఒంటరిగా రంగులరాట్నం ఎక్కితే వెర్రి. ఒంటరి మనిషికి కష్టం ఉండవచ్చు, కర్తవ్యం ఉండవచ్చు, మోక్షం కూడా ఉండవచ్చు. కేరింత మాత్రం ఉండకూడదు! అది కావాలంటే ఒక పిల్లవాడిని వెంటబెట్టుకుని, "వాడి కోసం" వెళ్ళాలి.

నా నాలుక చేసిన పని ఇప్పుడు మీకర్థమయి ఉంటుంది. అది నా సరదాను వెంటనే రోగంగా అనువదించింది. రోగానికి మా ఊళ్ళో గౌరవముంది, పప్పు కూడా వస్తుంది.

సరే, అభిప్రాయాలు చెప్పడం తేలిక, ప్రయాణం కట్టడం కష్టం. నా ఏర్పాట్లు కూడా చెబుతాను, నవ్వకుండా వినండి.

మా ఊరు గుంటూరు-తెనాలి రైలుమార్గం మీదే ఉంది. తెనాలి వెళ్ళి నారాయణాద్రి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు. అక్కడినుంచి నగరమంతా దాటుకుని మళ్ళీ విజయవాడ రహదారి మీదికి రావాలి. ఎందుకంటే ఫిల్మ్ సిటీ నగరానికి సుమారు ముప్ఫై కిలోమీటర్ల ఇవతల, హయత్‌నగర్ దాటాక ఉంది. కనుక బస్సే మేలు. గుంటూరు, మిర్యాలగూడ, నల్గొండల మీదుగా వెళ్ళే బస్సు నార్కట్‌పల్లి దగ్గర ఆ రహదారినే ఎక్కుతుంది. చౌటుప్పల్ దాటాక కళ్ళు తెరుచుకుని కూర్చుని, కండక్టరుకు ముందే చెప్పి పెట్టుకుంటే ద్వారం దగ్గరే దిగవచ్చు. పెద్ద ద్వారం నుంచి లోపలికి నడిచే పని లేదు, వాళ్ళ బస్సులే తీసుకుపోతాయి.

ఇక బస. మొదట ఖర్చు తగ్గుతుందని నగరంలో ఒక వసతిగృహానికి ఫోను చేశాను. "ఎంతమంది మేడమ్?" ఒక్కదాన్నే. "ఏ పని మీద?" చూడ్డానికి. "ఎవర్ని?" ఎవర్నీ కాదు బాబూ, ఊరికే. కాసేపు నిశ్శబ్దం. తరువాత, వెంట మగవాళ్ళుంటే బాగుంటుందని మర్యాదగానే చెప్పాడు. ఆధార్ కార్డు, వయసు, పెన్షను, జుట్టు రంగు.. ఏవీ నన్ను అనుమానం నుంచి కాపాడలేకపోయాయి. కళ్ళు చూపించుకోవడానికని ఉంటే గది దొరికేదని నా నమ్మకం.

అందుకని లోపలే దిగుదామనుకున్నాను. సితార, తార అని రెండు పెద్ద హోటళ్ళున్నాయి. సితార ఖరీదు ఎక్కువ, తార దానికన్నా తక్కువ. ఇక్కడ మరో లెక్క ఎదురయింది. ఎక్కడికి వెళ్ళినా ఇటువంటి విడిదులలో ధరలు ఇద్దరు ఒక గదిని పంచుకుంటారన్న లెక్కన కడతారు. ఒక్కరే దిగితే పక్కన లేని మనిషి వాటాలో కూడా కొంత మనమే కట్టుకోవాలి. మావారు పోయి ఆరేళ్ళయింది. ఆయన లేని లోటుకు కూడా ఒక ధర ఉందని, అది పన్నుతో కలిపి ఇంత అని నాకు అప్పుడే తెలిసింది. వ్యాపారులకు గది ఖర్చు గది ఖర్చే, కాదనను. కానీ ఒంటరి వాళ్ళు పెరుగుతున్న కాలమిది. పిల్లలు దేశాలు పట్టి, భార్యాభర్తలలో ఒకరు మిగిలిన ఇళ్ళు మా ఒక్క వీధిలోనే అయిదున్నాయి. చేతిలో పెన్షను, కాళ్ళలో ఇంకా సత్తువ ఉన్న ఈ జనానికి ఒక చిన్న గది, ఒక చిన్న వరుస, సంచీ దాచుకునే ఒక అర ఏర్పాటు చేస్తే నష్టపోయేదేమీ ఉండదు.

రోజు ఎంచుకోవడంలో నా బడి అనుభవం పనికొచ్చింది. దసరా దీపావళి రోజులు వద్దు, సంక్రాంతి సెలవులు వద్దు, శని ఆదివారాలు అసలే వద్దు. మార్గశిరంలో ఒక బుధవారం. ఎండ మెత్తగా ఉంటుంది. మొదటి రోజు బస్సు తిప్పే చోట్లన్నీ తిరుగుతాను. అక్కడ ఒకే కట్టడానికి ఒక వైపు ఒక ముఖం, మరో వైపు ఇంకో ముఖం కడతారు. ఎక్కడికీ పోని రైలు ఆగి ఉండే స్టేషను కూడా ఉంది. రైళ్ళు చాలామటుకు ఆగకుండా పోయే మా ఊరి స్టేషనును అరవై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని, ఆ కదలని రైలు ఎక్కి కాసేపు కూర్చోవాలని నాకెందుకో గట్టి కోరిక. రెండో రోజు బాహుబలి సెట్లు, పక్షుల తోట, సీతాకోకచిలుకల తోట. ఆ తరువాత నా మోకాళ్ళూ రక్తపోటూ ఒప్పుకునే ఆట ఏదో ఒకటి, ఒక్కటైనా. డాక్టరును అడిగే పెట్టుకున్నాను. ఎందుకని అడిగితే ఆయనకు మాత్రం నిజమే చెప్పాను. ఆయన నవ్వి, మెలికలు తిరిగేవి వద్దన్నాడు.

మార్గశిరమంటే బడుల విహారయాత్రల కాలం కూడా. అక్కడ ఏదో ఒక బల్లమీద సంచులు ముందేసుకుని ఒక పంతులమ్మ తప్పకుండా కనబడుతుంది. ఆమె దగ్గర ఒక అరగంట కూర్చుని, సంచులు నేను చూస్తానమ్మా నువ్వెళ్ళి ఒక్కటి ఎక్కి రా అంటాను. నా ప్రణాళికలో అదీ రాసుకున్నాను.

ఇంత చెప్పాక రెండో పక్షం కూడా చెప్పకపోతే న్యాయం కాదు. తోడుంటే ఆనందం రెట్టింపవుతుందన్న మాట అబద్ధం కాదు. మావారితో కలిసి 'మాయాబజార్' ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ ముందు రాబోయేది చెప్పేసేవారు. విసుక్కునేదాన్ని. ఇప్పుడు టీవీలో వస్తే, ఎవరూ ముందుగా చెప్పకుండా వచ్చే ఆ దృశ్యాలు ఏదో వెలితిగా ఉంటాయి. అక్కడ కూడా ఏ మధ్యాహ్నం మూడు గంటలకో నవ్వొచ్చేదొకటి కనబడుతుంది, అలవాటుగా పక్కకు తిరుగుతాను, పక్కన ఎవరూ ఉండరు. ఆ క్షణానికి నా దగ్గర ఏర్పాటేమీ లేదు. దానికి భయపడి ఇంట్లో కూర్చోవడం మాత్రం పరిష్కారం కాదు, ఎందుకంటే ఆ క్షణం ఇంట్లోనూ రోజుకు నాలుగుసార్లు వస్తుంది.

మా అబ్బాయి వాదన వేరు. "వచ్చే వేసవికి మేం వస్తాం కదమ్మా, అందరం కలిసి వెళదాం." వాడి మనసు మంచిది. కానీ అందరం కలిసి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు, వాడికి తెలియదు. ఎండగా ఉందనీ, మెట్లున్నాయనీ, చిన్నది నిద్రపోయిందనీ నాకొక బల్ల చూపిస్తారు. నేనే ఇష్టపడి కూర్చుంటాను. అదే అసలు ప్రమాదం! పక్కన మనవాళ్ళుంటే నేను చూడను, వాళ్ళు చూస్తుంటే చూస్తాను. అది ఒక సుఖమే, గొప్ప సుఖమే. అయితే అది చూడడం కాదు.

'మాయాబజార్'లో మాయా శశిరేఖను గుర్తు తెచ్చుకోండి. పదిమందిలో సిగ్గులొలికే పెళ్ళికూతురు. ఎవరూ లేనప్పుడు లోపలి ఘటోత్కచుడు బయటపడి, జబ్బలు చరిచి, ఇష్టమొచ్చినట్టు గంతులేస్తాడు. మా జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి ఆ రెంటినీ ఎంత చక్కగా అభినయించిందో చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు ఆ గంతులకు నవ్వాను. ఇప్పుడు చూస్తే, ఆ పాత్ర తన నిజరూపంతో ఉండగలిగేది ఏకాంతంలోనే కదా అనిపిస్తోంది. టీచరుగారు, అమ్మ, అత్తగారు, నాయనమ్మ.. ఈ వేషాలన్నీ నేను ప్రేమించినవే. వాటి లోపల గంతులేసే మనిషి ఇంకా మిగిలి ఉందో లేదో రెండు రోజులు చూసుకుని రావాలని ఉంది. లేకపోతే లేదు, తిరుగు బస్సు ఎక్కుతాను.

ఈ చివరి మాట రాయక ముందు వెళ్ళి ఒక పని పూర్తి చేసుకుని వచ్చాను. పొన్నగంటి కూర గిన్నె కడిగి, ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కనుక నాలుగు సున్నుండలు పెట్టి, ఎదురింటికి వెళ్ళాను. కళ్ళు బాగానే ఉన్నాయనీ, హైదరాబాదు వెళుతున్నది ఫిల్మ్ సిటీ చూడడానికనీ, ఒక్కదాన్నే వెళుతున్నాననీ, ఎందుకంటే ఊరికే అనీ చెప్పేశాను. ఆ పిల్ల ఇద్దరు బిడ్డల తల్లి. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. గిన్నె చేత్తో పట్టుకుని నన్నలా చూస్తూ నిలబడింది. కోపమొచ్చిందేమోననుకున్నాను. లోపల టీవీ చప్పుడు, పిల్లల కొట్లాట వినబడుతున్నాయి. ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించి అడిగింది:

"ఎంతవుద్ది టీచరుగారూ? ఒక్కరికి?"